మా అమ్మాయి పేరుతో వెలిసిన నకిలీ ఖాతా

మా అమ్మాయి పేరుతో, ఆమె ఫొటోలతో ఎవరో నడుపుతున్న ఖాతా ఎట్టకేలకు నిన్న రాత్రి తొలగిపోయింది. పదిహేనేళ్ల పిల్ల, ఆ సంగతి తెలిసి కూడా పదకొండు రోజులు నా దగ్గర దాచింది. ఎందుకు చెప్పలేదని అడిగితే, "చెబితే ఫోన్ లాక్కుంటావుగా నాన్నా" అంది. మార్కులు తగ్గినప్పుడు నేను చేసిన పని అదే.

ఆధారాలు సేకరించడం తేలికే. ఖాతా లింకును, స్నేహితురాళ్లకు దాని నుంచి వెళ్లిన సందేశాలను తేదీలతో సహా స్క్రీన్‌షాట్లు తీసుకున్నాకే బ్లాక్ చేశాం. మొదటి ఫిర్యాదులో 'స్పామ్' అనే కారణం ఎంచుకోవడం వల్ల, నిబంధనల ఉల్లంఘన లేదని జవాబు వచ్చింది. 'వేరొకరిలా నటిస్తున్నారు' అన్నదాన్ని ఎంచుకుని, గుర్తింపు పత్రం జతచేశాక కదలిక వచ్చింది.

నన్ను కుంగదీసింది మాత్రం బడిలో గడిపిన ఆ అరగంట. సందేశాలు అందుకున్నవారంతా ఆమె తరగతి పిల్లలే కనుక ప్రధానోపాధ్యాయుణ్ణి కలిశాం. ఆయన స్క్రీన్‌షాట్లు చూడకముందే, అమ్మాయి ఎదుటే, "ఈ వయసు పిల్లకు ఫోన్ ఎందుకిచ్చారు?" అన్నారు. ఆమె తల వంచుకుని సంచి పట్టీని మెలిపెడుతూ కూర్చుంది. ఆ మాట నేనింకా మరిచిపోలేదు. బాధితురాలినే నిలదీసే పెద్దలున్న చోట ఏ పిల్లా నోరు విప్పదు. తరువాత ఆయన, "ఇంతకీ ఈ ఫొటోలు బయటికెలా వచ్చాయి?" అని అడిగారు. ఒక్కొక్కటే చూస్తే అన్నీ నేను పెట్టినవే: యూనిఫాం మీద బడి పేరు కనబడుతున్నది ఒకటి, పుట్టినరోజు తేదీతో సహా రాసినది మరొకటి. నా ఖాతా అందరికీ తెరిచే ఉంది. అమ్మాయి నా వంక చూసింది గానీ ఏమీ అనలేదు. తరగతిలో ఈ విషయం మాట్లాడతామన్న హామీ కూడా లేకుండానే మమ్మల్ని పంపేశారు.

ఆ సాయంత్రం ఆమెకు క్షమాపణ చెప్పి, ఆ ఫొటోలన్నీ ఇద్దరం కూర్చుని తీసేశాం. నా ఖాతాను తెలిసినవారికే పరిమితం చేసి, ఇద్దరి ఖాతాలకూ రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు మరో కోడ్ కూడా అడిగే పద్ధతి) పెట్టాం. సెట్టింగులు నాకన్నా ఆమెకే బాగా తెలుసు. ఎవరైనా నగ్న చిత్రాలతో బెదిరిస్తే డబ్బు పంపవద్దనీ, అలాంటప్పుడు 18 ఏళ్ల లోపువారి కోసం 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉందనీ చెప్పాను. అందులో చిత్రం ఫోన్ దాటి వెళ్లదు. దాని డిజిటల్ వేలిముద్ర, అంటే ఆ చిత్రం నుంచి తయారయ్యే ఒక సంకేతం, మాత్రమే వెళుతుంది, దానితో ఆ సేవలో చేరిన సోషల్ మీడియా వేదికలు చిత్రాన్ని గుర్తించి తొలగించగలవు. ఏం జరిగినా ఫోన్ లాక్కోనని మాటిచ్చాను.

ఈ ఉదయం ఎవరో అపరిచితుడు పంపిన సందేశాన్ని అడగకుండానే తెచ్చి చూపించింది.