500డి బస్సులో ఎస్‌ఎల్‌ఆర్ కథ

శేషాద్రి ఎక్స్‌ప్రెస్ బెంగళూరు కేఆర్ పురంలో దింపేసరికి పొద్దు బాగా ఎక్కింది. స్టేషన్ బయట ఆటో అతను హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌కి ఆరు వందలు అడిగాడు. తాడేపల్లిగూడెం నుంచి రాత్రంతా పడుకుని వచ్చిన స్లీపర్ టికెట్టే అంత కాలేదు. మేనల్లుడు ఫోన్ తీసి యాప్‌లో చూస్తే అందులోనూ పెద్ద తేడా లేదు. నాకు ఒళ్లు మండింది. సామాను మోసుకుంటూ టిన్ ఫ్యాక్టరీ దాకా నడిచి 500డి ఎక్కేశాం.

తర్వాత లాల్‌బాగ్ చూశాను, కబ్బన్ పార్కు చూశాను, చర్చ్ స్ట్రీట్‌లో కాఫీకి చెప్పుకోలేనంత డబ్బు పోశాను. వాటి గురించి రాయడానికేమీ లేదు. రాయాలనిపించింది ఆ బస్సు గురించే.

అవుటర్ రింగ్ రోడ్డు సంగతి తెలిసిందేగా. మెట్రో పనులు, దుమ్ము, రెండు వరుసల దారిలో ఐదు వరుసల బళ్లు. మహదేవపుర దాటడానికే అరగంట పట్టింది. పక్కన మేనల్లుడు ఒళ్లో షూటింగ్ జాకెట్ సంచి పెట్టుకుని ఫోన్‌లో వీడియో చూస్తున్నాడు. వారమంతా కంప్యూటర్ ముందు పని, ఆదివారం రైఫిల్ రేంజిలో సాధన. యాభై మీటర్ల ప్రోన్, అంటే బోర్లా పడుకుని పాయింట్ టూ టూ రైఫిల్‌తో కాల్చడం. వీడియోలో ఎవరో అమెరికా ఆయన పెద్ద నల్ల రైఫిల్‌తో టపటపా పేలుస్తున్నాడు.

"ఏఆర్-10 మావయ్యా. త్రీ నాట్ ఎయిట్ సెమీ ఆటోమేటిక్. దీని ముందు మేం కాల్చేది బొమ్మ తుపాకీ" అన్నాడు. సెమీ ఆటోమేటిక్ అంటే ప్రతి గుండుకీ వేలు నొక్కడమే మన పని, తర్వాతి గుండు దానంతట అదే నింపుకుంటుంది.

అలాంటి వీడియోలంటే నాకు చిరాకు. పొగ, చప్పుడు, పగిలే పుచ్చకాయలు తప్ప, ఆ మనిషి తన జీతంలోంచి అంత ఖరీదు పెట్టి అదే ఎందుకు కొన్నాడో ఒక్కడూ చెప్పడు. ఆ మాటే అన్నాను. "చిన్నదానితో గురి కుదరదా? అంత పెద్దది దేనికిరా?"

ముందు సీట్లో నెరిసిన మీసాలాయన వెనక్కి తిరిగారు. "నేను చెప్పొచ్చాండి?" అన్నారు.

ఆ 'చెప్పొచ్చాండి'లోనే గోదావరి వినిపించింది. ఊరడిగాను. "ఆయ్, మాధవరమండి. మిలటరీ మాధవరం." మా గూడెం పక్కనే! రెండు ప్రపంచ యుద్ధాల నాటినుంచీ ఇంటికొకరు చొప్పున సైన్యంలోకి పంపుతున్న ఊరు. సుబేదారుగా రిటైరై, ఇప్పుడు బెళ్ళందూరులో ఓ కంపెనీకి సెక్యూరిటీ సూపర్‌వైజరుగా చేస్తున్నారట. తుపాకీ మాట చెవిన పడితే ఊరుకోలేకపోయారు.

"బాబూ, నువ్వు చూసేదానికీ మా ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్‌కీ ఒకటే తూటా అనుకో. సెవెన్ పాయింట్ సిక్స్ టూ మిల్లీమీటర్ల బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు. నేను చేరినప్పుడు అదే చేతికిచ్చారు. నాలుగు కిలోల పైమాటే. పరుగెత్తేటప్పుడు తిట్టుకునేవాళ్లం, చాంద్‌మారీలో ముద్దెట్టుకునేవాళ్లం."

చాంద్‌మారీ అంటే సైన్యంలో ఫైరింగ్ రేంజి.

"ఇంతకీ ఎందుకంటారు?" అన్నాను.

"గాలండీ" అన్నారు. "ఏటి గట్టు మీద నిలబడి ఓ వేపగింజ విసరండి, ఓ గులకరాయి విసరండి. ఏది గాలికి పక్కకు పోతుంది? వంద గజాల్లో మీకు తేడా తెలీదు. నాలుగొందలు, ఐదొందలు దాటాక చిన్న తూటా మీ మాట వినదు, గాలి మాట వింటుంది."

లెక్కలు మేనల్లుడికి బాగా తెలుసు, వాడు అందుకున్నాడు. 5.56 మిల్లీమీటర్ల తూటాలో గొట్టంలోంచి దూసుకెళ్లే ముక్క నాలుగు గ్రాములుంటుంది. 7.62 తొమ్మిదిన్నర. చిన్నదే కాస్త వేగంగా బయల్దేరుతుంది, కానీ గొట్టం వదిలేటప్పటి శక్తి చూస్తే పెద్దది దాదాపు రెట్టింపు, మూడు వేల మూడొందల జౌల్స్ పైచిలుకు. బరువైన తూటా ఆ వేగాన్ని తొందరగా పోగొట్టుకోదు. దూరంగా ఇనుప పలకకి తగిలితే 'ఠంగ్' అని ఇక్కడికి వినిపిస్తుంది, మట్టికి తగిలితే దుమ్ము లేచి ఎక్కడ పడిందో కనిపిస్తుంది. దూరం కాల్చేవాడికి అదే కావాలి: తప్పు ఎటు జరిగిందో వెంటనే తెలియడం. వేటకైతే మరో కారణం ఉంది. అమెరికాలో వర్జీనియా, కొలరాడో లాంటి రాష్ట్రాలు జింకని చిన్న బోరు రైఫిల్‌తో కొట్టనివ్వవు, జంతువు గాయంతో పారిపోయి చావకూడదని. మనకి 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక ఆ ప్రశ్నే లేదు, లేకపోవడమే మంచిది.

"సరే, పెద్ద తూటా అర్థమైంది. మరి సెమీ ఆటోమేటిక్ దేనికి? బోల్టు రైఫిల్‌కి గురి ఇంకా ఎక్కువంటారు కదా?"

ఇది నేను అడగడానికి కారణం మా పెదతాత. 1962లో చైనా యుద్ధానికి త్రీ నాట్ త్రీ పట్టుకుని వెళ్లొచ్చిన మనిషి. అరుగు మీద కూర్చుని, లేని రైఫిల్‌ని భుజానికి ఆనించి, కుడి చేత్తో బోల్టు పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి నొక్కి చూపించేవాడు. ప్రతి గుండుకీ ఆ నాలుగు కదలికలు. "అవతలివాడు వేలు కదిపితే చాలేది" అనేవాడు. చైనా సైనికుల దగ్గర అప్పటికే సెమీ ఆటోమేటిక్ కార్బైన్లున్నాయి. ఆ యుద్ధం తర్వాతే మన ఈశాపూర్ ఫ్యాక్టరీ ఎస్‌ఎల్‌ఆర్ తయారీకి దిగింది, బెల్జియం వాళ్ల ఎఫ్‌ఏఎల్ నమూనా మీద. పేరులోనే ఉంది, తనంతట తనే గుండు నింపుకునే రైఫిల్.

ఇది చెప్పగానే సుబేదారుగారు పూర్తిగా ఇటు తిరిగి కూర్చున్నారు. బస్సు మారతహళ్లి వంతెన దగ్గర ఇంజను ఆపేసింది. కండక్టరు కిందికి దిగి బీడీ ముట్టించాడు.

"మీ తాతగారు చెప్పింది యుద్ధం సంగతండీ. ఆటగాడికి ఇంకోటుంది. త్రీ నాట్ త్రీ తన్నితే మా ఉస్తాదు భుజానికి తువ్వాలు మడిచి పెట్టుకునేవాడు. ఎస్‌ఎల్‌ఆర్ కూడా తంతుంది, కాదనను. కానీ గొట్టంలోంచి కాస్త గ్యాసు పైకెళ్లి పిస్టన్ని నెడుతుంది, పిస్టన్ బోల్టుని వెనక్కి తోస్తుంది, ఖోకా, అదే కాల్చేసిన తూటా ఖాళీ తొడుగు, బయటికి ఎగురుతుంది, స్ప్రింగు మళ్లీ ముందుకి తెస్తుంది. ఈ సంసారమంతా జరిగేసరికి దెబ్బ ఒక్కసారిగా కాకుండా సాగి సాగి భుజానికి అందుతుంది. రైఫిల్ బరువు కొంత మింగేస్తుంది. చెంప తుపాకీ మడమ మీంచి లేవదు, కన్ను సైటులోంచి రాదు. మొదటిది ఎక్కడ పడిందో చూసి, గాలికి ఇంత అని సరిచేసి, రెండోది అక్కడే వదలొచ్చు. పెద్ద తూటాకి ఈ ఏర్పాటు చిన్నదానికంటే ఎక్కువ అవసరమండి."

పెద్ద తూటా, సెమీ ఆటోమేటిక్ విడివిడి కోరికలనే నేను విన్నవాళ్లందరూ చెప్పారు. ఒకటి తెచ్చిన బాధని రెండోది తగ్గిస్తుందని ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు. నేను తుపాకులంటే ఇష్టపడే మనిషిని కాను, కానీ ఒక పనిలో నలిగినవాడు ఆ పని గురించి మాట్లాడితే ఎంతసేపైనా వింటాను.

మేనల్లుడు ఇంకో మాట చెప్పాడు. ఏఆర్-10ని చాలామంది చిన్న తూటా కాల్చే ఏఆర్-15కి అన్నయ్యలా తర్వాత పెంచి చేసిందనుకుంటారట. అసలు 1950ల్లో అమెరికా ఇంజనీరు యూజీన్ స్టోనర్ ముందు చేసింది పదే, దాన్ని తగ్గిస్తే పదిహేను పుట్టింది. తగ్గించడానికి కారణం బరువు. తొడుగూ మందూ అన్నీ కలిపి 7.62 తూటా ఒక్కోటి ఇరవై నాలుగు గ్రాములైతే 5.56 అందులో సగం. అదే మోతలో సైనికుడు రెట్టింపు తూటాలు మోయగలడు. మన సైన్యం కూడా 1990ల్లో ఆ లెక్క మీదే 5.56 బోరు ఇన్సాస్ రైఫిల్‌కి మారింది.

"మారింది, మళ్లీ వెనక్కొచ్చింది" అన్నారు సుబేదారుగారు, గొంతులో గెలుపు దాచుకోకుండా. 2019లో రక్షణ శాఖ 72,400 సిగ్ 716 రైఫిళ్లకి ఆర్డరిచ్చింది. అవి పాత ఎస్‌ఎల్‌ఆర్ బోరువే. "కొండ మీంచి కొండ మీదికి కాల్చాలండీ మనకి."

బెళ్ళందూరులో ఆయన దిగుతూ మేనల్లుడి నంబరు తీసుకున్నారు. ఆదివారం నిజంగానే రేంజికి వచ్చారు.

రేంజి గురించి కొంచెం. బన్నేరుఘట్ట రోడ్డు వైపు. అతిథికి కూడా రుసుము కట్టించుకున్నారు, చూడ్డానికి! తూటాల ధర వింటే ఆటో అతని మీద కోపం కాస్త తగ్గింది. పాయింట్ టూ టూ చప్పుడు ఎవరో బల్ల మీద స్కేలు కొట్టినట్టే ఉంది. కానీ గురి మధ్యలో పది పాయింట్ల వలయం అడ్డంగా 10.4 మిల్లీమీటర్లే, యాభై మీటర్ల అవతల. సుబేదారుగారు రేంజిలో కట్టిన చిన్న గాలి జెండాలు చూపించి, "ఈ తూటా రెండున్నర గ్రాములు బాబూ, నెమ్మదిగా పోతుంది. మా చాంద్‌మారీలో ఐదొందల గజాల దగ్గర నేర్చుకున్నది నీకు ఇక్కడే నేర్పుతుంది. జెండా పడినప్పుడు కాల్చు, లేచినప్పుడు ఆగు" అన్నారు. మేనల్లుడు గంటసేపు కాల్చింది తక్కువ, ఆగింది ఎక్కువ. చివరి కాగితం చూసి ఆయన, లండన్ ఒలింపిక్స్‌లో వెండి పతకం తెచ్చినప్పుడు విజయ్ కుమార్ కూడా మా సుబేదారేనని వాడికి గుర్తుచేశారు.

మేనల్లుడికి ఆ పెద్ద రైఫిల్ మన దగ్గర దొరకదు. 7.62, .303 లాంటి సైన్యం బోరులు ప్రొహిబిటెడ్, కేంద్ర హోం శాఖ దాకా పోవాలి, మామూలు లైసెన్సుకి రావు. మన ఊళ్లలో పెద్దిళ్ల గోడలకి వేలాడే .315 రైఫిల్ పుట్టిందే ఆ నిషేధం వల్ల, సైన్యం తూటా అందులో పట్టకుండా. ఈ చట్టం ఉండాలనే నా అభిప్రాయం. వీధుల్లో ఏఆర్-10 తిరిగే దేశం నాకొద్దు.

కానీ రేంజి వేరు. మూడొందల మీటర్ల రైఫిల్ పోటీ 1972 మ్యూనిక్ తర్వాత ఒలింపిక్స్ నుంచి పోయినా ప్రపంచ పోటీల్లో ఉంది. అంత పొడవు రేంజిలు మన దేశంలో ఎక్కువగా సైన్యం, పోలీసుల చేతుల్లోనే ఉన్నాయి. బెంగళూరు చుట్టూ ఎన్ని రెజిమెంటల్ సెంటర్లు! నెలకో ఆదివారం ఒక చాంద్‌మారీ తెరిచి, రైఫిలూ తూటాలూ వాళ్ల దగ్గరే ఉంచి, ఖోకాలు లెక్కపెట్టి తీసుకుని, ఇలాంటి రిటైరైన సుబేదార్లని పక్కన కూర్చోబెడితే మేనల్లుడి లాంటి పిల్లలు వీడియోలు చూసి నోరు తెరవాల్సిన పని ఉండదు. ఈ మాట రాసి రైఫిల్ సంఘానికి ఉత్తరం పెట్టమని మేనల్లుడికి చెప్పి, తిరుగు రైలెక్కాను. తత్కాల్ టికెట్టు కాబట్టి వచ్చినప్పటికంటే ఎక్కువే వదిలింది.