పెద్ద కుక్క కుంటుతుంటే బెణుకని వదిలేయకండి

పటమటలో మా పిన్ని వాళ్ల రాట్‌వీలర్‌కి ముందు కాలిలో ఎముక క్యాన్సర్ అని తేలినప్పటి నుంచి ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరిదీ ఒకటే మాట, కాలు తీసేస్తే మూగజీవం ఎలా బతుకుతుంది, పాపం కదా అని. వాళ్లందరికీ జవాబు చెప్పాలనే ఇది రాస్తున్నా.

ఆస్టియోసార్కోమా అనే ఈ జబ్బు ఎముకని లోపల్నుంచి తినేస్తుంది. నొప్పి భయంకరంగా ఉంటుంది, కానీ కుక్క అరవదు, కుంటుతుంది, అంతే. గ్రేట్ డేన్, రాట్‌వీలర్, సెయింట్ బెర్నార్డ్ లాంటి పెద్ద జాతుల్లో ఎక్కువ. ముందు కాలికైతే భుజం దగ్గరో మణికట్టు పైనో, వెనక కాలికైతే ఎక్కువగా మోకాలి దగ్గర వస్తుంది. నొప్పి మందుతో తగ్గినట్టే తగ్గి మళ్లీ కుంటుతుంటే ఎక్స్‌రే తీయించాల్సిందే, గన్నవరం వెటర్నరీ కాలేజీ మనకి దగ్గరే కదా. మనం వాడే ఐబుప్రొఫెన్ మాత్రం దానికి వేయకండి, కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పోతాయి.

ఇక కాలు సంగతి. నొప్పంతా ఆ ఎముకదే, పైగా అది ఉత్తినే విరిగిపోవచ్చు. కాలు తీసేస్తే ఆ నొప్పి పోతుంది, మిగతా కాళ్లు గట్టిగా ఉంటే చాలా కుక్కలు కొద్ది రోజుల్లోనే మూడు కాళ్లతో తిరిగేస్తాయి. అయితే జబ్బు అక్కడితో పోదు, ఎందుకంటే ఛాతీ ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోయినా 90 శాతం కుక్కల్లో అప్పటికే క్యాన్సర్ కణాలు ఊపిరితిత్తుల వైపు వెళ్లిపోయి ఉంటాయి. సర్జరీ ఒక్కటే అయితే సుమారు 4-5 నెలలు, కార్బోప్లాటిన్ లాంటి కీమో కూడా ఇస్తే 10-12 నెలలు బతుకుతాయి. కుక్కలకి కీమో డోసు తక్కువ, అందుకే చాలావాటికి పెద్దగా ఇబ్బంది ఉండదు. ఆ కాస్త కాలమైనా నొప్పి లేకుండా బతకాలని పిన్ని రెండూ చేయిస్తోంది. నాకది సరైన పనే అనిపిస్తోంది.

మనుషుల్లోనూ ఇదే జబ్బు, ఎక్కువగా 10 నుంచి 20 ఏళ్ల వయసులో, మోకాలి చుట్టూ. ఇక్కడ మాత్రం కీమో గట్టిగా ఇస్తారు, ఎందుకంటే పూర్తిగా నయం చేయడమే లక్ష్యం. 1970లకి ముందు, కీమో లేని రోజుల్లో, కాలు తీసేసినా 20 శాతం మంది కూడా బతికేవాళ్లు కాదు. ఇప్పుడు వేరే చోటికి పాకకముందే పట్టుకుంటే 60-70 శాతం మంది అయిదేళ్లు దాటుతున్నారు, ఎక్కువమందికి కాలు కూడా దక్కుతోంది, పాడైన ఎముక తీసేసి లోపల ఇంప్లాంట్ పెడతారు. ఇందులో కుక్కల పాత్ర కూడా ఉంది, వాటిలో పరీక్షించిన మిఫామర్టైడ్ మందుకి 2009లో యూరప్‌లో అనుమతి వచ్చింది.

నా బాధల్లా ఒకటే. పిల్లాడి మోకాలు వాచిందంటే మన ఇళ్లలో ముందు గుర్తొచ్చేది పుత్తూరు కట్టు. రాత్రిళ్లు నిద్ర లేపే నొప్పి, తగ్గని వాపు ఉంటే కట్టూ వద్దు, మాలిషూ వద్దు, ముందు ఎక్స్‌రే. అందులో అనుమానం వస్తే ఎమ్మారై, ఆ తర్వాత బయాప్సీ. ముక్క తీస్తే పాకుతుందని భయపడి బయాప్సీ ఆపకండి, కాకపోతే ఆపరేషన్ చేయబోయే డాక్టర్ దగ్గరే చేయించండి, సూది దిగిన దారిని కూడా గడ్డతో పాటు తీసేయాలి కాబట్టి.