బీడుకు కౌలు

బీడు అన్న మాట వింటేనే నాకు మనసు కలుక్కుమనేది. పొలం బీడు పడిందంటే ఆ ఇంట్లో ఏదో జరిగిందనే కదా. మట్టి నమూనాలు తీసే ఉద్యోగంలో చేరి అమెరికాలోని పడమటి అయోవాకి వచ్చిన మొదటి వేసవిలో, మొక్కజొన్న చేల మధ్య ఒక వాలు మీద నడుమెత్తు గడ్డి కనిపించింది. పాపం ఎవరో చితికిపోయారనుకున్నాను. పక్కనున్న సీనియర్ "అది సీఆర్పీ" అన్నాడు. ఆ గడ్డికి గవర్నమెంటు కౌలు కడుతోందట!

సీఆర్పీ అంటే కన్జర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్. 1985 ఫార్మ్ బిల్లుతో, అంటే అక్కడి వ్యవసాయ చట్టంతో వచ్చింది. మట్టి కోతకు గురయ్యే సాగుభూమిని 10 నుంచి 15 ఏళ్ళు దున్నకుండా గడ్డికి వదిలేస్తే, ప్రతి అక్టోబరులో కౌలు డబ్బు వస్తుంది. మనిషికి ఏడాదికి 50,000 డాలర్లు దాటదు. కౌంటీలో (మన జిల్లా లాంటిది) మెట్టభూమి కౌలు ఎంతుందో చూసి రేటు కడతారు. 2018 బిల్లు తర్వాత జనరల్ సైనప్‌లో, అంటే దరఖాస్తుల్ని పోటీ మీద ఎంచుకునే పద్ధతిలో, అసలు కౌలు అందులో 85 శాతానికి మించదు. పక్షులు గుడ్లు పెట్టే కాలంలో, అంటే ఇక్కడ మే 15 నుంచి ఆగస్టు 1 దాకా, గడ్డి కోయకూడదు. మధ్యలో మానుకుంటే తీసుకున్నదంతా వడ్డీతో కట్టాలి.

కాగితం మీద ఇంతే. కానీ అయోవాలో సగానికి పైగా సాగుభూమి కౌలుది. డబ్బు ఒకరికి వస్తే, ఇంకొకరి పని పోతుంది.

మా ఏరియాలో ఒక పెద్దావిడకి 80 ఎకరాలు. పాత కౌలుదారు వయసు మీద పడి మానుకున్నాడు. పక్క పొలం చేసే ముప్పై ఏళ్ళ కుర్రాడు అది తనకే వస్తుందని ఎంతో ఆశపడ్డాడు. ఆవిడ మొత్తం సీఆర్పీకి రాసిచ్చేసింది. ధర పడినా వాన పడకపోయినా ఆగని డబ్బు అది. ఒంటరిగా ఉండే మనిషి ఆమె, తప్పు పట్టలేను. పైగా వాలులో పడిన గండి చూపించి, "మా ఆయన దీన్ని మూడుసార్లు పూడ్చాడు" అంది.

కుర్రాడు మాత్రం, "గడ్డికి ఇచ్చే కౌలుతో నేనెక్కడ పోటీ పడను?" అన్నాడు. ఆ టెన్షన్ అతని ముఖంలో కనబడుతూనే ఉంది.

నాలుగేళ్ళ తర్వాత ఆ రెండు పొలాల మధ్య గట్టుకి అటొక మట్టిగడ్డ, ఇటొక మట్టిగడ్డ తవ్వి, రెండు గాజు సీసాల నీళ్ళలో వేసి అతనికి చూపించాను. దున్నిన చేలోది చూస్తుండగానే విచ్చిపోయి నీళ్ళు కాఫీ రంగుకి తిరిగాయి. గడ్డి కిందిది సన్నటి వేళ్ళు పట్టుకుని అలాగే నిలబడింది. సీసా అడుగు స్పష్టంగా కనిపిస్తోంది. అతను చాలాసేపు మాట్లాడలేదు.

నా అభిప్రాయం అడిగితే, నిటారు వాలుల్ని తప్పకుండా గడ్డికి వదలాలి. చదును భూమిని మాత్రం కొత్తగా సేద్యంలోకి వచ్చే వాళ్ళకి దక్కనివ్వాలి. దానికి దారి ఉంది కూడా. అయోవా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 2007లో మొదలుపెట్టిన ప్రయోగంలో, పొలంలో పదో వంతు ప్రెయిరీ గడ్డి (ఇక్కడి మైదానాల్లో సహజంగా పెరిగే గడ్డి) పట్టీలు వేస్తే మట్టి కొట్టుకుపోవడం 95 శాతం తగ్గింది. 2019 చివరి నుంచి ఈ పట్టీలకీ సీఆర్పీ డబ్బు ఇస్తున్నారు. ఆ కుర్రాడు ఇప్పుడు తన సొంత చేలో పట్టీలకి జెండాలు పాతించుకుంటున్నాడు. కొలతలు నేనే వేశాను.

ఆ 80 ఎకరాల కాంట్రాక్టు పూర్తయ్యేసరికి అతనికి నలభై దాటుతాయి. "అప్పుడు మట్టి పరీక్షకి నువ్వే రావాలి" అన్నాడు. ఇప్పుడున్న నా వీసా మూడేళ్ళది. వస్తానన్నాను.