అమెరికా హెల్త్ ఇన్సూరెన్స్ ప్రాజెక్ట్ కేటీ: నా అనుభవం

కేటీ, అంటే ప్రాజెక్ట్ పని మాకు నేర్పి అప్పగించే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, అయిపోయిందని సైనాఫ్ నిన్న వచ్చింది, మంట చల్లారకముందే రాసేస్తున్నా. వీపీఎన్, యాక్సెస్‌లు, కోడ్ సెటప్ అన్నీ టికెట్ పెడితే అయిపోయాయి. మార్చి రెండో ఆదివారం అక్కడ గడియారాలు గంట ముందుకి జరుపుతారు, అప్పట్నుంచి వాళ్ల కాల్స్ మనకి గంట ముందే మొదలవుతాయి, అది గుర్తుంచుకుంటే చాలు.

చుక్కలు కనబడింది డిడక్టిబుల్ దగ్గర, అంటే ఇన్సూరెన్స్ కట్టడం మొదలెట్టేలోపు ఏటా మనిషి సొంతంగా కట్టుకోవాల్సిన మొత్తం. డాక్యుమెంట్‌లో ఒక్కటే లైను, "ప్లాన్ ప్రకారం డిడక్టిబుల్ అప్లై చేయాలి" అని. రాసినాయన ఏటా జేబులోంచి కడుతూనే ఉంటాడు కాబట్టి ఆయనకి అది చాలు, ఆఫీసోళ్లిచ్చిన క్యాష్‌లెస్ కార్డు తప్ప ఇంకేం చూడని మాకెలా తెలుస్తుంది? కాల్‌లో అడిగా, మనిషికి 1500 డాలర్లు, ఫ్యామిలీకి 3000 అని ఉంటే, ఒకరిది 1500 నిండగానే వాళ్ల క్లెయిమ్‌కి ఇన్సూరెన్స్ కట్టాలా, లేక 3000 నిండేదాకా ఆగాలా అని. అవతల ఒకాయన నవ్వి "ఇది అందరికీ తెలిసిందేగా" అన్నాడు. అందరికీ అంటే ఎవరికి బాబూ! వెంటనే మా ఆన్‌సైట్ కోఆర్డినేటర్ చాట్‌లో "ఇలాంటివి కాల్‌లో అడగొద్దు, ఆఫ్‌లైన్‌లో చూద్దాం" అన్నాడు. ఆ ఆఫ్‌లైన్ ఇంతవరకూ రాలేదు గానీ "టీమ్‌కి డొమైన్ నాలెడ్జ్ లేదు" అని మా మేనేజర్‌కి మెయిల్ మాత్రం వచ్చింది, సీసీలో ఊరంతా. అడిగితే తెలివితక్కువ, అడక్కపోతే డిఫెక్ట్.

గట్టెక్కించింది క్లయింట్ వైపు టెస్టింగ్ చేసే ఒక పెద్దావిడ. క్లెయిమ్ తేలాక ఇంటికి పంపే ఈఓబీ కాగితం ఉంటుందిగా, తనదే పేరు కొట్టేసి షేర్ చేసి లైను లైనూ చెప్పింది: హాస్పిటల్ వేసిన బిల్లు, ఒప్పుకున్న రేటు, అందులో డిడక్టిబుల్‌కి పోయింది, మిగిలినదాంట్లో తన 20 శాతం. తీరా చూస్తే నేనడిగిన రెండూ కరెక్టే, కొన్ని ప్లాన్లలో అలా, కొన్నింట్లో ఇలా, ప్లాన్ టేబుల్‌లో ఎవరూ చెప్పని ఒక ఫ్లాగ్ కాలమ్ దానికోసమే ఉంది. నవ్వినాయనకి ఈ తేడా తెలుసో లేదో నాకు డౌటే.

అందుకే డొమైన్ సర్టిఫికెట్లకి డబ్బులు తగలేయకండి, మొదటి వారమే శాంపిల్ ఈఓబీలు అడగండి, టెస్టర్లతో స్నేహం చేయండి, కోఆర్డినేటర్లని నమ్మకండి. ఇంకోటి, డిసెంబర్‌లో చూపించుకున్న వైద్యం బిల్లు జనవరిలో వస్తే అది పాత ఏడాది డిడక్టిబుల్‌లోకే వెళ్లాలి, కోడ్ మాత్రం క్లెయిమ్ వచ్చిన తేదీ చూస్తోంది. పట్టుకుంది నేనే. ఆ టెస్ట్ కేస్ ఇప్పుడు కోఆర్డినేటర్ గారి స్లైడ్‌లో ఉంది, మా పేర్లు లేకుండా.