పులికాట్ నీళ్ల మీద రెండు కెమెరాలు

పెళ్లిళ్లకు నేను వాడేది నికాన్ జెడ్8. మా మామయ్య చేతిలో ఉన్నది 2015లో వచ్చిన నికాన్ కూల్‌పిక్స్ పి900. జనవరిలో నెల్లూరు నుంచి పులికాట్ సరస్సుకు బయల్దేరినప్పుడు రెండూ కారు వెనక సీట్లో పక్కపక్కనే ఉన్నాయి. తూకం వేస్తే రెండూ ఇంచుమించు ఒకటే: బ్యాటరీతో కలిపి జెడ్8 910 గ్రాములు, పి900 899 గ్రాములు. కాకపోతే ఆయన 899 గ్రాముల్లో లెన్సు కూడా కలిసే ఉంది. నాది ఒట్టి బాడీ. పక్షుల కోసమని చెన్నై నుంచి అద్దెకు తెప్పించిన 180-600 ఎంఎం లెన్సు, ట్రైపాడ్ కాలరుతో కలిపి, ఇంకో రెండు కిలోల పైన తూగుతుంది.

మామయ్య బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. చేతికొచ్చిన డబ్బులో కొంత తీసి నాలాంటి కెమెరా కొనుక్కోవాలా, ఉన్నదానితో సరిపెట్టుకోవాలా అన్నది ఆయన సందేహం. 2023లో వచ్చినప్పుడు జెడ్8 బాడీ ఒక్కటే మూడు లక్షల పైమాట. అంత డబ్బు విషయంలో ఇంట్లో కూర్చుని సలహా చెప్పడం నాకిష్టం లేదు. "పక్షుల ముందే తేల్చుకుందాం మామయ్యా" అన్నాను.

మొదట నేలపట్టు పక్షుల అభయారణ్యం. దొరవారిసత్రం దగ్గర జాతీయ రహదారి దిగి వెళ్లాం. గేటు తీసేసరికి మంచు ఇంకా విడవలేదు. చెరువులో నడుం లోతు నీళ్లలో నిలబడ్డ బారింగ్టోనియా చెట్లు, కొమ్మ కొమ్మకీ గూడబాతుల (పెలికాన్ల) గూళ్లు. ఈ గూడబాతుల కోసమే నేలపట్టుకు పేరు. ఏటా ఇక్కడికొచ్చి గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచుకుని పోతాయి. చప్పుడు మాత్రం చెప్పలేనంత. తల్లి వాలగానే పిల్ల తన తలంతా దాని ముక్కు సంచిలోకి దూర్చి, లోపలున్న చేపను తనే వెతుక్కుంటుంది. పిల్ల మెడ వరకు తల్లి గొంతులో ఉండిపోతుంది. మొదటిసారి చూసేవాళ్లకు భయమేస్తుంది. నాకు మాత్రం ఎన్నిసార్లు చూసినా కళ్లు తిప్పుకోబుద్ధి కాదు.

వాచ్ టవర్ మీద నుంచి గూళ్లు మరీ దూరం కాదు, 600 ఎంఎం చాలు. కరువంతా వెలుతురుకే. పిల్ల కదులుతోంది కాబట్టి షట్టర్ వేగం తగ్గించలేను. లెన్సు ఎంత తెరిచినా ఎఫ్/6.3 దగ్గరే ఆగిపోతుంది, అంతకన్నా వెలుతురు లోపలికి రానివ్వదు. వచ్చిన కాస్త వెలుతురునే పెంచి చూపే ఐఎస్‌ఓను 6400కి ఎక్కించాను. అయినా సంచి మీది సన్నటి నరాలు, తల్లి పైముక్కు పొడవునా ఉన్న మచ్చలు స్పష్టంగా వచ్చాయి. మామయ్య తన కెమెరాలో 1600 దగ్గరే ఆగాడు. అక్కడికే బూడిదరంగు ఈకలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, తడి కాగితం మీద రంగు అలుక్కున్నట్టు వచ్చాయి.

కారణం సెన్సరు సైజు. నా కెమెరాలోది 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు. పి900లోది సుమారు 6.2, 4.6 మిల్లీమీటర్లే. వైశాల్యంలో ముప్పై రెట్ల తేడా. అంత చిన్న సెన్సరు మీద పడ్డ కాస్త వెలుతురులో గింజలు గింజలుగా వచ్చే మచ్చల్ని తుడవబోయి, కెమెరా ఈకల్ని కూడా తుడిచేస్తుంది. పైగా సెన్సరు పట్టినదాన్ని తుడవకుండా దాచే రా ఫైలు పి900లో లేదు, జేపెగ్ ఒక్కటే. అది తుడిచేసింది ఇంటికొచ్చాక తిరిగి రాదు. మంచు పొద్దులో రెంటికీ పోటీయే లేదని మామయ్యతో అక్కడే చెప్పేశాను. ఆయన తలూపి, టవర్ అంచున కూర్చుని గూళ్లను నోటుబుక్కులో ఎక్కించుకోవడం మొదలుపెట్టాడు.

సూళ్లూరుపేటలో ఇడ్లీ తిని, చెంగాళమ్మకు దండం పెట్టుకుని శ్రీహరికోట రోడ్డెక్కాం. ఈ రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది. మన దేశంలో చిలికా తర్వాత ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. ఏడాదిలో చాలాభాగం మోకాలు లోతు కూడా ఉండని నీళ్లు, బురద మేటలు. ఫ్లెమింగోలకు కావలసిందీ అదే. వంకర ముక్కును తలకిందులుగా నీళ్లలో పెట్టి, బురదను కాళ్లతో కలియబెట్టి, పైకి తేలిన సన్నటి జీవాల్ని వడగట్టుకుని తింటాయి.

ఆ రోజు మంద రోడ్డుకు చాలా దూరంలో ఉంది. కంటికి గులాబీ గీతలా కనిపిస్తోంది. నా 600లో చూస్తే గీత చుక్కలైంది, అంతే. మామయ్య కారు కిటికీ అద్దం మీద తువ్వాలు మడిచి పెట్టి, దాని మీద పి900 ఆనించి జూమ్ మీట నొక్కాడు. లెన్సు బయటికి వస్తూ వస్తూ ఆగింది. 83 రెట్లు, 2000 ఎంఎం. "అమ్మాయ్, ఇట్టా రా. ఆ కుడి చివరనున్న చిన్నవి చూడు, ముక్కు నల్లగా లేదూ?"

చూశాను. మిగతా మంద అంతా పెద్ద ఫ్లెమింగోలు, గులాబీ ముక్కు, కొసన నలుపు. చివరనున్న నాలుగైదు మాత్రం పొట్టిగా, ముక్కు మొత్తం ముదురు రంగులో ఉన్నాయి. చిన్న ఫ్లెమింగోలు. నా వ్యూఫైండర్లో అవి ఉన్నాయన్న సంగతే నాకు తెలియలేదు. మామయ్య ఫొటో తీసి, ఫోనులో పక్షుల్ని నమోదు చేసే ఈబర్డ్ యాప్ తెరిచి రాసుకున్నాడు. పి900లో జీపీఎస్ ఉంది కాబట్టి ఎక్కడ తీసిందీ ఫొటోలోనే పడిపోతుంది. జెడ్8లో అది లేదు, ఫోనుకు కలిపితేనే.

దగ్గర్లో వల సర్దుకుంటున్న జాలరి ఒకాయన వచ్చి తెరలోకి తొంగిచూశాడు. కెమెరాను పక్షుల మీద నుంచి కాస్త ఎడమకు తిప్పించి, "అదిగో, ఆ పడవ మా బావమరిదిదే సార్. ఇంకా రాలేదేందా అనుకుంటున్నా" అన్నాడు. నా మూడు కిలోల సామాను వైపు ఆయన చూడనే లేదు.

ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి. ఈ దూరం సంగతిలో చాలామంది జూమ్ అంకె ఒక్కటే చూసి నిర్ణయం తీసుకుంటారు. 2000 అన్నది ఫుల్‌ఫ్రేముకు, అంటే నా కెమెరాలోలాంటి పెద్ద సెన్సరుకు, సమానం చేసి చెప్పే అంకె. పి900 లెన్సు అసలు ఫోకల్ లెంగ్త్ 357 ఎంఎం. అక్కడ దాని అపర్చరు ఎఫ్/6.5, అంటే వెలుతురు దూరే దారి సుమారు 55 మిల్లీమీటర్లు. నా లెన్సులో 600ని 6.3తో భాగిస్తే 95 మిల్లీమీటర్లు. దూరంలో ఉన్నదాని సన్నటి వివరాన్ని నిజంగా పట్టిచ్చేది ఈ వెడల్పే. నా 45.7 మెగాపిక్సెళ్ల ఫొటోను 2000 ఎంఎంకి సమానంగా కత్తిరిస్తే మిగిలేవి నాలుగు మెగాపిక్సెళ్లు. ఆయనవి పదహారు. అయినా ఆ సాయంత్రం ల్యాప్‌టాప్‌లో రెండూ పక్కపక్కన పెడితే, ముక్కు రంగు రెంటిలోనూ అంతే కనిపించింది. పదహారులో చాలాభాగం కొత్త వివరమేమీ లేని ఖాళీ పిక్సెళ్లే. కానీ నా ఫొటోలో ఆ ముక్కు దొరికింది ఆయన ఎక్కడ చూడాలో చెప్పాక. ఫీల్డులో ఉన్నప్పుడు పక్షిని కళ్ల ముందుకు తెచ్చేది ఆ జూమే. ఏ పక్షో పోల్చుకోవడమే పనైనవాళ్లకు దీన్ని మించిన విషయం లేదు.

పదకొండు దాటాక ఆ లెక్కలూ పనిచేయలేదు. బురద మేటల మీద ఎండమావులు లేచాయి. మామయ్య తెర మీద ఫ్లెమింగోల కాళ్లు పాముల్లా మెలికలు తిరుగుతున్నాయి, నా ఫొటోలు కూడా అలాగే. వేడెక్కిన గాలి పొరలు పొరలుగా కదులుతుంటే వెలుతురు వంకర్లు పోతుంది. లక్షలు పోసినా, జూమ్ రెట్టింపు చేసినా దాన్ని దాటలేం. 2018లో వచ్చిన పి1000లో 3000 ఎంఎం ఉంది, 2025లో వచ్చిన పి1100లోనూ అంతే. పులికాట్ కోసమని వాటికి డబ్బు పెట్టేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: తెల్లారి తొమ్మిది లోపు వచ్చేలా చూసుకోండి, ఆ అదనపు వెయ్యి ఎంఎం కన్నా అది ఎక్కువ పనిచేస్తుంది. మేం కెమెరాలు దించేసి, అటకానితిప్ప దగ్గర తుమ్మచెట్ల నీడన పెరుగన్నం తిన్నాం.

సాయంత్రానికి మంద మేస్తూ మేస్తూ రోడ్డు వైపు జరిగింది. ఉన్నచోటు నుంచి అలాగే లేచి ఎగరడం ఫ్లెమింగోకు చేతకాదు. మెడ ముందుకు చాచి, నీళ్ల మీద పరుగెత్తి, ఆ పరుగులోనే లేస్తుంది. ఎప్పుడు పరుగందుకుంటుందో తెలియదు. జెడ్8లో ఒక ఏర్పాటుంది. షట్టర్ సగం నొక్కి పట్టుకుంటే, పూర్తిగా నొక్కడానికి ముందు ఒక సెకను దాకా జరిగినదాన్ని కూడా దాచి ఉంచుతుంది, సెకనుకు 30 ఫ్రేముల చొప్పున, జేపెగ్‌లో. మందలో మొదటిది మెడ చాచడం చూశాక నొక్కాను. అది మెడ చాచక ముందు ఒంటికాలి మీద నిలబడ్డ ఫ్రేము నుంచి, అడుగు అడుగుకూ నీళ్లు చిమ్మడం, రెక్కల కిందున్న ఎర్రటి ఎరుపు విప్పారడం, కాళ్లు నీటిని వదలడం దాకా అన్నీ వచ్చాయి. ఫోకస్ మొదటి నుంచి చివరిదాకా ఆ పక్షి కంటి మీదే ఉంది. పక్షుల్ని గుర్తుపట్టే ఫోకస్ 2024లో ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) ద్వారా ఈ కెమెరాకు వచ్చింది. ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాను. తలంబ్రాలు గాల్లో ఉన్న క్షణం కోసం ఊపిరి బిగబట్టి నిలబడే నాకు, ఆ ఫ్రేములు చూసినప్పుడు చేతులు వణికాయి.

మామయ్యకు ఏడు ఫ్రేములు వచ్చాయి. పి900 సెకనుకు ఏడు తీసి, ఏడుతో ఆగి, వాటిని కార్డులో రాసుకునేదాకా ఇంకేమీ తీయదు. ఏడింటిలో ఒకదాంట్లో ఫోకస్ వెనక నీళ్ల మీద పడింది, రెండింటిలో పక్షి సగమే ఉంది. "ఎగిరేదాన్ని పట్టడం దీని వల్ల కాదబ్బా" అన్నాడు, చాలా మామూలుగా.

చీకటి పడేముందు తూర్పున చంద్రుడు ఎక్కాడు. పౌర్ణమికి ఇంకా రెండు మూడు రోజులుంది. పి900లో చంద్రుడికంటూ ఒక మోడ్ ఉంది. 2000 దగ్గర ఫ్రేము ఎత్తులో మూడొంతులు చంద్రుడే, చేత్తో పట్టుకుని తీసినా అంచున గుంటలు తెలుస్తాయి. నా 600లో పావు వంతు కూడా రాడు. టీకొట్టు పిల్లలు వరసకట్టి ఆయన చుట్టూ మూగారు, ఒక్కొక్కరికీ ఓపిగ్గా చూపించాడు.

తిరుగు దారిలో నాయుడుపేట దగ్గర టీ తాగుతూ నా మాట చెప్పాను. కొనొద్దు. నీకు కావలసింది అక్కడున్నది ఏ పక్షో తెలుసుకుని రాసిపెట్టుకోవడం. అందుకు కావలసినదంతా నీ కెమెరాలో ఉంది, మెడకు వేసుకుని పొద్దంతా తిరగగలవు. ఈ అరవై దాటిన వయసులో మూడు కిలోల బరువు మోయాలంటే నువ్వు సగం చోట్లకు కారు దిగవు. వెలుతురు లేనిచోట, పక్షి ఎగిరేచోట అది ఓడిపోతుంది. ఆ రెండూ నీకు ప్రాణమైతే చెప్పు, అప్పుడు జెడ్8 కాకుండా ఇంకా తక్కువలో దొరికేవాటిని చూద్దాం.

ఆయన కాసేపు ఆలోచించాడు. వెలుతురు సంగతి ఒప్పుకున్నాడు, బరువు సంగతి ఒప్పుకోలేదు. "మోస్తాను, ఎందుకు మోయలేను" అన్నాడు. చివరికి తేలిందేమిటంటే, వచ్చే సీజనులో శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం వెళ్తాం, గూడబాతులు అక్కడికీ వస్తాయి. అద్దె లెన్సు ఆ యాత్ర పొడవునా ఆయన చేతుల్లో ఉంటుంది, పి900 నా మెడలో. కొనడం గురించి మాట్లాడేది దాని తర్వాతే.