పక్క సీట్లో మనిషి

అమెరికాలోని నెబ్రాస్కాలో సెస్నా క్యారవాన్ అనే చిన్న కార్గో విమానం నడిపినన్నాళ్లూ నా పక్క సీట్లో జాకెట్టు, ఫ్లాస్కు, సరుకు బిగించే పట్టీలు ఉండేవి. ఒకటే ఇంజిన్, ఒక్కడే పైలట్, వెనక మూడు వేల పౌండ్ల దాకా పార్సిళ్లు. చీకటితోనే ఒమాహాలో లోడ్ చేసుకుని నార్త్ ప్లాట్ వైపు వెళ్లేవాణ్ణి. పగలంతా అక్కడే నిద్రపోయి, సాయంత్రం మళ్లీ సరుకుతో తిరిగొచ్చేవాణ్ణి. వాతావరణం చూసేది నేనే, బరువు లెక్క వేసేది నేనే, రెక్కల మీద మంచు తుడిచేదీ నేనే. మబ్బులో ఐసింగ్ (విమానం మీద మంచు గడ్డకట్టడం) మొదలైతే కిందికి దిగాలా, వెనక్కి తిరగాలా అని ఎవరినీ అడగక్కర్లేదు. అడుగుదామన్నా ఎవరూ లేరు.

ఆ ఉద్యోగమంటే నాకిప్పటికీ ప్రాణం. గాలినీ మబ్బునీ చదవడం నాకు వచ్చింది అక్కడే. కార్గో పైలట్లను తక్కువగా చూసేవాళ్లు ఉంటారు, వాళ్లతో నేను ఒప్పుకోను. జనవరిలో ఆ మైదానాల మీద రాత్రిపూట ఒంటరిగా ఎగిరినవాడికి తెలిసే సంగతులు వేరు.

అమెరికాలో ఎయిర్‌లైన్‌లో చేరాలంటే మామూలుగా 1,500 గంటలు ఎగిరి ఉండాలి. నేను కొంత ఇన్‌స్ట్రక్టరుగా, మిగతాది కార్గోలో పూర్తి చేసి, షికాగోలో ఒక రీజనల్ కంపెనీలో ఎంబ్రేయర్ 175 జెట్ మీద ఫస్ట్ ఆఫీసరుగా, అంటే కో-పైలట్‌గా, చేరాను. ఈ గంటల రూలు 2013లో వచ్చింది. దాని వెనక ఒక ప్రమాదం ఉంది. 2009 ఫిబ్రవరి 12 రాత్రి కోల్గన్ ఎయిర్ 3407 బఫెలో దగ్గర ఒక ఇంటి మీద కూలి, విమానంలోని 49 మంది, ఇంట్లో ఉన్న ఒకరు చనిపోయారు. స్పీడు పడిపోయి హెచ్చరిక రాగానే కెప్టెన్ ముక్కు దించాల్సింది పోయి పైకి లాగారు. అదే సమయంలో ఫస్ట్ ఆఫీసరు, ఎవరూ అడగకుండానే, ఫ్లాప్స్ (తక్కువ స్పీడులో విమానాన్ని గాల్లో నిలిపే రెక్కల వెనక పలకలు) లోపలికి మడిచేశారు. ఇద్దరూ లైసెన్సున్న పైలట్లే. ట్రైనింగ్‌లో ఈ కేసు చదివినప్పుడు నన్ను పట్టుకున్నది గంటల లెక్క కాదు, ఆ ఫ్లాప్స్ సంగతి.

ఎందుకంటే ఆ వారమంతా సిమ్యులేటర్‌లో మాకు నూరిపోస్తున్నది అదే. ఫ్లాప్స్ లివర్ నా చేతికి అందేంత దగ్గరలోనే ఉంటుంది. ఒంటరిగా ఎగిరిన చెయ్యి దానంతటదే అటు వెళ్లబోతుంది. కానీ నడుపుతున్నది నేనైతే దాన్ని ముట్టుకోకూడదు. ‘ఫ్లాప్స్ వన్’ అని అడగాలి. పక్కవాళ్లు స్పీడు చూసి, సరిపోతేనే లివర్ కదిపి, అదే మాట తిరిగి చెప్పాలి. టేకాఫ్‌లో ఇంకా చిత్రం. నడిపేది నేనైనా, పవర్ పెట్టాక థ్రస్ట్ లివర్ల (ఇంజిన్ పవర్ పెంచే, తగ్గించే పిడుల) మీద చెయ్యి కెప్టెన్‌దే. ‘వీ వన్’ అనగానే ఆ చెయ్యి తీసేస్తారు. ఇక ఆగే ప్రశ్న లేదు, ఎగరాల్సిందే. నా విమానం మీద ఇంకొకరి చెయ్యి ఉండటం, ఆ చెయ్యి నా మంచికే ఉందని ఒంటికి ఎక్కడం, రెండూ ఒక్క రోజులో జరిగేవి కావు.

మా మేనమామ కరీంనగర్‌లో ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఫోన్లో ఇదంతా చెబితే ఆయనకు నిమిషంలో అర్థమైంది. “కండక్టర్ రైట్ రైట్ అననిదే నేనెన్నడన్న బండి కదిలిచ్చిన్నా అల్లుడా? ఎనక డోర్ల ఎవడున్నడో నాకు కనవడ్తదా?” అన్నారు. సర్వీసు చివర్లో డ్రైవరే టికెట్లు కొట్టే డ్యూటీలు కూడా పడ్డాయట ఆయనకి. ఆ మిషన్ ఒళ్లో పెట్టుకుని నడిపిన రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కోపమే. నెబ్రాస్కాలో నేను చేసిన డ్యూటీ ఏమిటో మా ఇంట్లో అందరికంటే బాగా అర్థమైంది ఆయనకే అనిపించింది.

సీనియారిటీ నంబరు, రిజర్వ్ డ్యూటీలు (ఎప్పుడు పిలిచినా వెళ్లడానికి సిద్ధంగా ఉండటం), నలుగురైదుగురు కలిసి అద్దెకు తీసుకునే గదులు, ఇవన్నీ ప్రతి కొత్త పైలట్‌కూ ఉండేవే. నాకు అసలు టెన్షన్ పెద్దవాళ్లతో వచ్చింది. కుడి సీట్లో కూర్చున్న నేను, ఎడమ సీట్లో మా నాన్న వయసు కెప్టెన్ని పేరు పెట్టి పిలవాలి, అవసరమైతే ఆపాలి. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో నోరెత్తకూడదని పెరిగాం మనం. ఇది మన దగ్గరే ఉన్న జబ్బు అనుకునేవాణ్ణి, కానీ కాదు. 1978 డిసెంబర్ 28న పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ 173 కెప్టెన్ ల్యాండింగ్ గేర్ (చక్రాల) సమస్య చూసుకుంటూ చక్కర్లు కొడుతుంటే ఇంధనం అయిపోయి విమానం కూలింది. పదిమంది పోయారు. ఇంధనం తగ్గుతోందని కాక్‌పిట్‌లో మిగతావాళ్లకి తెలుసు, అన్నారు కూడా. గట్టిగా అనలేదు. అందరూ అమెరికన్లే. కాక్‌పిట్‌లో ఎలా మాట్లాడాలో, ఎలా వినాలో 1981లో యునైటెడ్ ఒక కోర్సుగా పెట్టి నేర్పడం మొదలుపెట్టింది ఇలాంటి అనుభవాల వల్లే.

ఎయిర్‌లైన్ పద్ధతిలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించింది ఇక్కడే. చిన్నవాడు ధైర్యం తెచ్చుకుని మాట్లాడే దాకా ఆగదు ఇది. ఎప్పుడు, ఏ మాట అనాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. ఒకసారి షికాగో ఎయిర్‌పోర్టు ఓహేర్‌కి వస్తున్నాం, కెప్టెన్ నడుపుతున్నారు. వెనక నుంచి గాలి, పైగా కంట్రోలర్ మమ్మల్ని ఎత్తులోనే ఉంచేశారు. వెయ్యి అడుగుల దగ్గరికి వచ్చేసరికి స్పీడు ఇంకా ఉండాల్సినదానికంటే ఎక్కువే ఉంది. ‘అన్‌స్టేబుల్’ అన్నాను, అంటే ఈ దిగడం కుదురుగా లేదని. ఆయన ‘గో అరౌండ్’ అన్నారు, అంటే దిగకుండా పైకెళ్లి మళ్లీ చుట్టి రావడం. పవర్ పెట్టారు, నేను గేర్ ఎత్తాను, టవర్‌కి చెప్పాను. రెండోసారి చక్కగా దిగాం. గేటు దగ్గర చెక్‌లిస్ట్ అయ్యాక “మంచి కాల్” అన్నారు, అంతే. ముప్ఫై ఏళ్ల అనుభవమున్న ఆయనకు అందులో చిన్నతనం కనిపించలేదు. నాకూ పెద్దాయన్ని ఎదిరించినట్టు అనిపించలేదు. ఆ మాట ఆ ఎత్తులో ఆ స్పీడుకి ఎవరైనా అనాల్సిందే.

అందుకే కాలౌట్లని, అంటే ఇలా రాసిపెట్టిన మాటల్ని, బట్టీ చదువు అని తీసిపారేసే కుర్రాళ్లంటే నాకు బాధ. ఆ పొడి మాటల్లోనే మన మొహమాటానికి మందు ఉంది.

హైదరాబాద్, వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ ట్రైనింగ్‌లో ఉన్న పిల్లలు అడుగుతుంటారు, “అన్నా, సింగిల్ పైలట్ గంటలు ఎయిర్‌లైన్‌కి పనికొస్తాయా?” అని. బ్రహ్మాండంగా పనికొస్తాయి, సందేహం లేదు. అయితే ఆ గంటలు మౌనంగా ఎగరొద్దు. పక్కన ఎవరూ లేకపోయినా ఏం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో పైకి చెప్పండి, చెక్‌లిస్ట్ గొంతెత్తి చదవండి. కంపెనీలో చేరి సిమ్యులేటర్ పార్ట్‌నర్ ఎవరో తెలిసిన రోజే ఫోన్ చేయండి. హోటల్ గదిలో కాక్‌పిట్ పోస్టర్ గోడకి అంటించి, ఎదురుగా రెండు కుర్చీలు వేసుకుని, ఒకరు అడగడం, ఒకరు చూసి చేయడం సాధన చేయండి. మర్నాడు కుర్చీలు మార్చుకోండి.