బ్రూజ్‌లో గంటల మోత

చివరి మెట్ల దగ్గరుండగానే తలమీద గంటలు మొదలైపోయాయి, నలుగురం మెట్ల పక్కనున్న తాడు పట్టుకుని ఎక్కడివాళ్లం అక్కడే ఆగిపోయాం.

బెల్జియంలోని బ్రూజ్ బెల్‌ఫ్రీకి, అంటే ఊరి గంటల గోపురానికి, 366 మెట్లు, పైకెళ్లేకొద్దీ ఇరుకైపోతాయి, ఎవరైనా దిగుతుంటే గోడకి అతుక్కుని దారివ్వాల్సిందే. పైన 47 గంటలు. ఓ పెద్ద డ్రమ్ము ఉంది, దాని ఒంటినిండా మేకుల్లాంటి పళ్లు, అది తిరుగుతుంటే ఆ పళ్లకి తగిలి తీగలు కదిలి గంటలు మోగుతాయి, పావుగంటకోసారి, అలా వందల ఏళ్లుగా పాట మోగుతూనే ఉందంటే ఒళ్లు పులకరించింది.

కింద ఎర్ర పెంకుటిళ్లు, కాలువలు, పడవలు. అన్నీ బాగున్నాయి. కానీ నాకు ఆ మోతే కావాలనిపించి ఇంకో పావుగంట ఉందామన్నాను, ఎవరూ కాదనలేదు.

ఇప్పుడు గెంట్ వెళ్లే ట్రైన్‌లో తెలిసింది, నలుగురిలో ఒక్కరం కూడా రికార్డ్ చేయలేదు. అయినా ఇంకా వినిపిస్తూనే ఉంది.